నౌన్ రాకుండా నెట్టుకురావడం ఎలా?

ముందు శుభవార్త చెబుతాను. ఇంగ్లీషు వాక్యంలో నౌన్ ఎక్కడుందో, అది ఏ రకమో, అక్కడ కూర్చుని ఏం పని చేస్తోందో తెలియకుండానే పదో తరగతి, ఇంటరు, డిగ్రీ మూడూ దాటేయవచ్చు. నేను దాటాను. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమస్తాగా చేరాను. ఇప్పుడు అదే మిల్లు గేటు దగ్గర, వేపచెట్టు నీడలో, కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. అక్కడికి ఎలా చేరానో ఏడో చిట్కాలో చెబుతాను.

మా అన్న కొడుకు ఒకడున్నాడు. చెప్పిన మాట వినకుండా ఇంటర్లోనే నౌన్లన్నీ పట్టుబట్టి నేర్చుకున్నాడు. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. వాడికి ఇంగ్లీషు తప్పుల్లేకుండా వస్తుందని ఆఫీసులో తెలిసిపోయింది. ఆ మర్నాటి నుంచి ఎవరికి మెయిల్ రాయాల్సి వచ్చినా నేరుగా వాడి బల్ల దగ్గరికే. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తే, "ఇంకా ఆఫీసులోనే ఉన్నా బాబాయ్, పై ఆఫీసుకు ఒక రిపోర్టు దిద్దుతున్నా" అంటాడు. ఆ గొంతు విన్నప్పుడల్లా నా కడుపు తరుక్కుపోతుంది. ఇంకో పిల్లాడికి ఆ గతి పట్టకూడదని ఈ చిట్కాలు రాస్తున్నాను. పెన్నూ పుస్తకం తెచ్చుకోకండి. పడుకుని చదవండి.

1. నిర్వచనాన్ని ఒక్క గుక్కలో అప్పజెప్పండి

"ఎ నౌన్ ఈజ్ ద నేమ్ ఆఫ్ ఎ పర్సన్, ప్లేస్ ఆర్ థింగ్." మనిషి, చోటు, వస్తువు, వీటి పేరే నౌన్ అని దీని అర్థం. అర్థంతో మీకు పని లేదు. ఊపిరి బిగబట్టి, ఎక్కడా ఆగకుండా, ఎక్కాల పుస్తకం అప్పజెప్పినట్టు అప్పజెప్పండి. ఆగితే మాస్టారు మధ్యలో ప్రశ్న వేస్తారు.

తర్వాత ఉదాహరణ అడుగుతారు. "రామా" అనండి. ఇంకొకటి అంటే "సీత". ఇంకొకటి అంటే "లక్ష్మణ". రామాయణంలో పేర్లకు కరువు లేదు, జాంబవంతుడి దాకా వచ్చేసరికి గంట కొడతారు. ఇవన్నీ మనుషుల పేర్లే కదా, వస్తువు పేరు చెప్పు అని మాస్టారు నిలదీస్తే "రామబాణం" అనండి. కాదనడానికి ఎవరికీ నోరు రాదు.

ఇంకా లోతుకు పోయి అడిగితే ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. నౌన్ అనే మాట లాటిన్‌లో పేరు అని అర్థమిచ్చే నోమెన్ నుంచి వచ్చింది. ఆ నోమెన్, ఇంగ్లీషు నేమ్, సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న నామం, మూడూ ఒకే పాత వేరు నుంచి మొలిచిన మాటలు. అంటే నౌన్ మన ఇంటి సరుకే. ఇంట్లో ఉన్నదాన్ని మళ్ళీ నేర్చుకోవడం దేనికండీ?

2. అయిదు రకాలకూ ఒకటే జవాబు

బడి గ్రామర్ పుస్తకాల్లో మామూలుగా అయిదు రకాలు చెబుతారు. గోదావరి, వరంగల్ లాంటి సొంత పేర్లు ప్రాపర్ నౌన్లు. నది, ఊరు, కుక్క లాంటివి కామన్ నౌన్లు. మంద, గుంపు, జట్టు లాంటివి కలెక్టివ్. బంగారం, ఇనుము, నూనె మెటీరియల్. కంటికి కనపడని నిజాయితీ, భయం, ఆలస్యం అబ్‌స్ట్రాక్ట్.

ఏది అడిగినా "కామన్ నౌన్" అనండి. ఎందుకు అంటే కారణం రెడీగా ఉంటుంది, కామన్ అంటేనే మామూలు అని. బంగారమా? ప్రతి ఇంట్లో ఎంతో కొంత ఉండేదే, కామన్. భయమా? పరీక్షంటే అందరికీ ఉండేదే, కామన్. గొర్రెల మందా? మా ఊళ్ళో రోజూ రోడ్డుకు అడ్డం వచ్చేదే, కామన్. అయిదు ప్రశ్నల్లో ఒకటి ఎలాగూ తగులుతుంది. అయిదుకు ఒకటి వచ్చింది కదా, అంతకన్నా ఏం కావాలి?

ప్రాపర్ నౌన్‌ను పెద్దక్షరంతో మొదలుపెట్టాలని ఒక నియమం ఉంది. దానికీ విరుగుడు ఉంది. జవాబు పత్రం మొత్తం పెద్దక్షరాలతోనే రాసేయండి. బ్యాంకు ఫారాలు అలాగే నింపమంటారు కదా, అదే అలవాటైపోయిందని చెప్పండి. ఏది సొంత పేరో ఏది మామూలు పేరో దిద్దేవాళ్ళు పట్టుకోలేరు, మీరూ పట్టుకోలేరు. గొడవ తీరిపోతుంది.

ఒకే మాట రెండు రకాలుగా ఉండటం చూసి కొందరు పిల్లలు బెంబేలెత్తుతారు. ఐరన్ అంటే ఇనుము, మెటీరియల్ నౌన్. ముందు ఒక ఆన్ చేర్చి ఆన్ ఐరన్ అంటే ఇస్త్రీ పెట్టె, కామన్ నౌన్. గ్లాస్ అంటే గాజు, ఎ గ్లాస్ అంటే మంచినీళ్ళ గ్లాసు. పేపర్ అంటే కాగితం, ఎ పేపర్ అంటే పొద్దున్నే గుమ్మంలో పడేది, లేదా పరీక్షలో మీ ముందు పెట్టేది. ఒక్క చిన్న ఎ, ఆన్ దగ్గర అర్థమే మారిపోతోంది. కాబట్టి ఎ, ఆన్‌లను పూర్తిగా వదిలేయండి. తెలుగులో అవి లేవు, అయినా వెయ్యేళ్ళుగా మనకు పని జరుగుతోంది.

3. ఎస్ చల్లుకుంటూ పోండి

ఈ చిట్కా దగ్గర కాస్త నిదానంగా ఉండండి. చాలామంది ఇక్కడే కష్టపడి చెడిపోతారు.

ఇంగ్లీషులో లెక్కపెట్టగల నౌన్లు వేరు, లెక్కపెట్టలేనివి వేరు. బుక్, బుక్స్ అవుతుంది. ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్, లగేజీ, ఎక్విప్‌మెంట్, సీనరీ, హోమ్‌వర్క్ మాత్రం ఎన్ని ఉన్నా ఎస్ తగిలించుకోవు. ఇంట్లో పది కుర్చీలున్నా ఫర్నిచరే. పది మంది పది సలహాలిచ్చినా అడ్వైసే. విడిగా ఒకటి చెప్పాలంటే ఎ పీస్ ఆఫ్ ఫర్నిచర్, ఎ పీస్ ఆఫ్ అడ్వైస్ అనాలి. ఒక్క మాటకు నాలుగు మాటలు. సోమరితనం విలువ తెలిసినవాడెవడూ ఈ పని చేయడు.

మీకు మన భాష అండగా ఉంది. మనం పాలు పొంగాయి అంటాం, పొంగింది అనం. నీళ్ళు వచ్చాయి అంటాం. పెసలు, కందులు, వడ్లు అన్నీ బహువచనాలే. కాబట్టి మిల్క్స్, వాటర్స్, రైసెస్ అనండి. హెయిర్స్ ఊడిపోతున్నాయి అనండి, ఊడేది ఒక్క వెంట్రుక కాదు కదా. అడ్వైసెస్, ఇన్ఫర్మేషన్స్, లగేజెస్, ఫర్నిచర్స్. మనం ఇప్పటికే షూస్‌లు, చిప్స్‌లు అంటున్నాం. ఎస్ మీద లు కూడా ఎక్కించి వాడుతున్న జాతికి ఒక్క ఎస్ దగ్గర మొహమాటమేమిటి?

చిల్డ్రన్ దగ్గర మాత్రం కొందరు ఆగిపోతారు. చైల్డ్‌కు చిల్డ్రన్, ఆక్స్‌కు ఆక్సెన్, ఇవి ఇంగ్లీషులో ఎన్ చేర్చి బహువచనం చేసుకున్న పాత రోజుల నుంచి మిగిలిపోయినవి. ఎన్ ఉన్నచోట ఎస్ అక్కర్లేదని పుస్తకం. మీరు చిల్డ్రన్స్ అనండి. పాతదీ కొత్తదీ రెండూ కలిసొస్తాయి.

ఒక్కచోట మాత్రం ఎస్ తీసేయాలి. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్" అని రాయాలంటారు, చాలా మంది స్నేహితుల్లో ఒకడు కాబట్టి. వచ్చింది ఒక్కడే కదా, "వన్ ఆఫ్ మై ఫ్రెండ్" అంటే చాలు. ఇంటికొస్తే టీ ఇచ్చేది కూడా ఒక్కడికే.

ఎస్ ఉండాలో వద్దో తేలకపోతే రెండు మార్గాలు. మాట్లాడేటప్పుడు నౌన్ చివర చిన్నగా దగ్గండి. రాసేటప్పుడు చివరి అక్షరం తోకను కిందికి లాగి సున్నా చుట్టండి. ఎస్ కావాలనుకున్నవాళ్ళకు ఎస్‌లా, వద్దనుకున్నవాళ్ళకు చేతిరాత సోకులా కనపడుతుంది. ఈ తోక రాయడం వారం రోజులు సాధన చేయండి. నౌన్లు నేర్చుకోవడానికి అంతకన్నా తక్కువే పట్టేదేమో, కానీ అది చదువు, ఇది కళ.

పోటీ పరీక్షలు రాసేవాళ్ళు వినండి. వాక్యంలో తప్పు ఎక్కడుందో గుర్తించమనే ప్రశ్నల్లో పరీక్ష పెట్టేవాళ్ళకు ఈ సీనరీలు, ఫర్నిచర్లు, ఇన్ఫర్మేషన్లంటే ప్రాణం. అన్నిటికీ "నో ఎర్రర్" అన్నదే పెట్టండి. అది చాలాసార్లు చివరే ఉంటుంది, వెతుక్కునే పని పెద్దగా ఉండదు. ఎస్ఎస్‌సీ సీజీఎల్ మొదటి అంచెలో ఒక్కో ప్రశ్నకు 2 మార్కులు, తప్పు రాస్తే 0.50 కోత. పది ప్రశ్నలకు ఇలా పెట్టి పదీ తప్పయితే అయిదు మార్కులు మైనస్. బ్యాంకు పరీక్షల్లో తప్పుకు పావు వంతు కోత. సున్నా కన్నా కిందికి దిగినవాడికి రెండో అంచె పరీక్ష బాధ ఉండదు. మళ్ళీ చదవనక్కర్లేదు, మళ్ళీ ఫీజు కట్టనక్కర్లేదు.

4. గుంపు కనపడితే దేశం పేరు చెప్పండి

టీమ్, కమిటీ, ఫ్యామిలీ, గవర్నమెంట్, ఇవి కలెక్టివ్ నౌన్లు. వీటి పక్కన ఈజ్ రాయాలా, ఆర్ రాయాలా అని జుట్టు పీక్కుంటారు. అమెరికావాళ్ళు టీమ్‌ను ఒక్కటిగా చూసి ఈజ్ రాస్తారు. బ్రిటన్‌వాళ్ళు అందులోని మనుషుల్ని తలచుకుని ఆర్ కూడా రాస్తారు. ఇంతకన్నా మంచి సందు మీకు దొరకదు. ఈజ్ రాసి దొరికిపోతే "ఇది అమెరికన్ ఇంగ్లీషు సర్" అనండి. ఆర్ రాసి దొరికిపోతే "బ్రిటిష్" అనండి. ఎదుటివాళ్ళు ఈ రెండు దేశాల్లో కనీసం ఒకదానికైనా వెళ్ళి ఉండరు.

పోలీస్, క్యాటిల్, పీపుల్ అనే మాటల పక్కన రెండు దేశాల్లోనూ ఆర్ అనే రాస్తారు. న్యూస్, మ్యాథమెటిక్స్ చివర ఎస్ ఉన్నా ఈజ్ అనే రాస్తారు. ఈ సంగతి ఎదుటివాళ్ళకు గుర్తు రాకముందే ఆస్ట్రేలియా పేరు ఎత్తండి.

5. వాక్యంలో ఎవరి కుర్చీలో ఎవరైనా కూర్చోవచ్చు

నౌన్ రకం వేరు, వాక్యంలో దాని పని వేరు. "ద టీచర్ గేవ్ ద బాయ్ ఎ బుక్ ఇన్ ద లైబ్రరీ" అనే వాక్యంలో నాలుగు నౌన్లున్నాయి, నాలుగూ కామన్ నౌన్లే, నాలుగు పనులు. టీచర్ ఇచ్చినవాడు కాబట్టి సబ్జెక్ట్. బుక్ ఇచ్చిన వస్తువు కాబట్టి డైరెక్ట్ ఆబ్జెక్ట్. బాయ్ పుచ్చుకున్నవాడు కాబట్టి ఇండైరెక్ట్ ఆబ్జెక్ట్. లైబ్రరీ ఇన్ అనే ప్రిపొజిషన్ వెనకాల వచ్చింది కాబట్టి దాని ఆబ్జెక్ట్. వీటి మీద కాంప్లిమెంట్, అపొజిషన్ అని ఇంకా ఉన్నాయి.

గీత గీసిన నౌన్ పని ఏమిటని అడిగితే, వాక్యం మొదట్లో ఉంటే సబ్జెక్ట్ అని, చివర ఉంటే ఆబ్జెక్ట్ అని, మధ్యలో ఉంటే "రెండూ" అని రాయండి. స్కేలు పెట్టి కొలిస్తే చాలు, వాక్యం చదవక్కర్లేదు. "మై బ్రదర్ మెట్ ఎ డాక్టర్" అంటే మనుషులు ఇద్దరు, డాక్టర్ ఆబ్జెక్ట్. "మై బ్రదర్ ఈజ్ ఎ డాక్టర్" అంటే మనిషి ఒక్కడే, డాక్టర్ కాంప్లిమెంట్. మీరు అంత దూరం పోకుండా "మై బ్రదర్ డాక్టర్" అనేయండి. మా అన్న డాక్టరు అన్నప్పుడు మనం క్రియ ఎక్కడ పెట్టాం?

అసలు సుఖం మాటల వరసలో ఉంది. తెలుగులో ని, ను, కి, కు, తో లాంటి విభక్తులు ఎవరేం చేశారో చెప్పేస్తాయి. రాముడు రావణుణ్ణి చంపాడు, రావణుణ్ణి రాముడు చంపాడు, చంపాడు రాముడు రావణుణ్ణి, ఎలా తిప్పినా చచ్చింది రావణుడే. ఇంగ్లీషుకూ ఒకప్పుడు నౌన్ చివర ఇలాంటి తోకలు ఉండేవి. కాలక్రమంలో చాలావరకు రాలిపోయాయి. ఇప్పుడు క్రియకు ముందున్నవాడు చేసినవాడు, వెనకున్నవాడు పడ్డవాడు. పేర్లు తారుమారైతే రావణుడే రాముణ్ణి చంపేస్తాడు. మీరు ఈ వరసను పట్టించుకోకండి. మన వరసే ఇంగ్లీషులోనూ పెట్టండి.

దీనివల్ల ఎంత కలిసొస్తుందో మా బావమరిది కథ చెబితే తెలుస్తుంది. గట్టు తగాదాలో పక్క పొలం ఆయన వాణ్ణి చెంప మీద కొట్టాడు. ఫిర్యాదు తెలుగులో రాసిస్తే తేలిక. కానీ ఇంగ్లీషులో ఇస్తే వెయిట్ ఉంటుందని వాడి పట్టుదల. నన్ను పక్కాయన కొట్టాడు అన్నదాన్ని మాటకు మాట పెట్టి, "ఐ నైబర్ బీట్" అని మూడు మాటల్లో తేల్చేశాడు. స్టేషన్‌లో రైటర్ కళ్ళజోడు సర్దుకుని ఆ కాగితం రెండుసార్లు చదివాడు. పెన్ను తీసి బీట్ అన్న మాటకు చుట్టూ సున్నా చుట్టి, బాణం గుర్తుతో ఐ పక్కకు లాగాడు. "ఐ బీట్ నైబర్. సరే, ఒప్పుకున్నావు కదా, కూర్చో" అన్నాడు.

సాయంత్రానికి రాజీ అయిపోయింది. బావమరిదే క్షమాపణ చెప్పాడు, గట్టు రెండడుగులు ఇటు జరిగింది. అదే మాటల వరస తెలిసి సరిగ్గా రాసి ఉంటే కేసు, వాయిదాలు, వకీలు, సాక్షులు. ఏళ్ళ తరబడి కోర్టు మెట్లెక్కేవాడు. ఇలా అయితే ఒక్క పూటలో తేలిపోయింది.

6. అపాస్ట్రఫీని ఎస్ నెత్తిన పెట్టండి

ఒక అబ్బాయి పుస్తకమైతే అపాస్ట్రఫీ ఎస్‌కు ముందు, చాలామంది అబ్బాయిల పుస్తకమైతే ఎస్ తర్వాత. చిల్డ్రన్ లాంటి మాటకు మళ్ళీ ముందే. మీరు ముందూ వెనకా చూడకుండా సరిగ్గా ఎస్ నెత్తి మీద పెట్టండి. దిద్దేవాళ్ళకు ఏది కావాలంటే అది కనపడుతుంది. కంప్యూటర్‌లో ఇలా కుదరదు కాబట్టి కరెంటు పోయిందని చెప్పి చేత్తో రాసివ్వండి.

7. అన్నిటికీ ఒకే నౌన్ వాడండి

వస్తువుకు దాని పేరు నేర్చుకోవడం దండగ. థింగ్ అనే మాట ఉంది, మ్యాటర్ అనే మాట ఉంది. ఈ రెండూ చేతిలో ఉంటే స్పానరూ, స్టేప్లరూ, అఫిడవిట్టూ, ఇన్వాయిసూ ఏదీ నేర్చుకోనక్కర్లేదు. "దట్ థింగ్, దట్ థింగ్ మీద పెట్టు" అనండి. ఎదుటివాడు తప్పుగా పెడితే, నేను చెప్పింది ఆ థింగ్ కాదు అనండి. తప్పు ఎప్పుడూ వాడిదే అవుతుంది.

థింగ్ కుదరని చోట తెలిసిన ఒక్క నౌన్‌నే లాగి కప్పండి. నా జీవితం ఇలాగే మలుపు తిరిగింది.

మా మిల్లుకు రాయచూరు నుంచి వడ్లు తెప్పించేవాళ్ళం. అక్కడి వ్యాపారికి తెలుగు రాదు, మా సేటుకు కన్నడం రాదు, మధ్యలో ఇంగ్లీషు మెయిల్. ఆ మెయిల్ రాసే పని నా నెత్తిన పడింది. వడ్లను ఇంగ్లీషులో ప్యాడీ అంటారు. బియ్యానికీ అన్నానికీ మాత్రం రైస్ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు. మనం నాటితే వరి, నూర్చితే వడ్లు, మర ఆడిస్తే బియ్యం, వండితే అన్నం అని మెట్టు మెట్టుకూ పేరు పెట్టుకున్నాం. ఇంగ్లీషువాళ్ళే అంత పొదుపు చేసినప్పుడు, ఆ ప్యాడీ అనే ఒక్క మాటా నేను మాత్రం ఎందుకు మోయాలి అనుకున్నాను. "సెండ్ హండ్రెడ్ క్వింటల్స్ రైస్ అర్జెంట్" అని కొట్టి పంపించాను.

నాలుగో రోజు తెల్లవారుజామున లారీ వచ్చింది. హమాలీలు టార్పాలిన్ లాగారు. సేటు స్వయంగా వచ్చి, బస్తాలో గుచ్చి చూసే ఇనుప గొట్టం తీసుకుని ఒక బస్తాలో గుచ్చాడు. గొట్టం వంచితే అరచేతిలోకి తెల్లటి బియ్యం జలజలా రాలాయి. సేటు ఇంకో బస్తాలో గుచ్చాడు. మళ్ళీ బియ్యమే. మూడో బస్తా గుచ్చలేదు. ఆ చేయి అలాగే పట్టుకుని నా వైపు తిరిగాడు.

"ఏందయ్యా ఇది? బియ్యాన్ని మళ్ళ మరాడిస్తవా?"

"ఇంగ్లీషోళ్ళకు వడ్లయినా బియ్యమైనా ఒకటే మాట సేటూ. తప్పు మనది కాదు, ఆ భాషది" అన్నాను.

అంతటితో ఆగకుండా లెక్క కూడా చెప్పాను. ప్రభుత్వం మిల్లులకు వడ్లు ఇచ్చేటప్పుడు పచ్చి బియ్యానికి వేసే లెక్క, క్వింటా వడ్లకు 67 కిలోల బియ్యం. వంద క్వింటాళ్ళ వడ్లు ఆడిస్తే వచ్చేది 67 క్వింటాళ్ళే. నావల్ల వంద క్వింటాళ్ళూ బియ్యమే వచ్చాయి, అంటే 33 క్వింటాళ్ళు లాభం. ధర సంగతి నేను ఎత్తలేదు. ఇలాంటి లెక్కల్లో ధర ఎత్తకూడదు.

సేటు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అరచేతిలో బియ్యం బస్తా మీద పోసేసి, "ఇగ నువ్వు ఇంగ్లీషు జోలికి పోకు. గేటు కాడ కూసో, లారీ నంబర్లు రాసుకో" అన్నాడు. జీతం కొంత తగ్గింది. పని మూడొంతులు తగ్గింది. లారీ నంబర్లలో ఒక్క నౌన్ ఉండదు.

8. తప్పు చేసినప్పుడు అబ్‌స్ట్రాక్ట్ నౌన్ వెనక దాక్కోండి

నౌన్లన్నిట్లో నేను మనస్ఫూర్తిగా దండం పెట్టేది ఈ ఒక్కదానికే. క్రియలో మనిషి ఉంటాడు. అదే క్రియకు చివర ఒక తోక తగిలించి నౌన్ చేస్తే మనిషి మాయమైపోతాడు. డిసైడ్ డిసిషన్ అవుతుంది, ఫెయిల్ ఫెయిల్యూర్ అవుతుంది, ఒమిట్ ఒమిషన్ అవుతుంది. డిలేకు తోక కూడా అక్కర్లేదు, ఉన్నదున్నట్టే క్రియ, ఉన్నదున్నట్టే నౌన్.

తెలుగులో దాక్కోవడం చాలా కష్టం. చేశాను, చేశావు, చేశాడు, చేశారు అని మన క్రియ చివర అక్షరమే దొంగను పట్టిస్తుంది. రైల్వే స్టేషన్‌లో బండి ఆలస్యమైనప్పుడు చెప్పే మాటలు రెండు భాషల్లోనూ వినండి. అసౌకర్యానికి చింతిస్తున్నాము అంటుంది తెలుగు. ఆ చివరి ము దగ్గర చింతించేవాళ్ళు ఎవరో ఉన్నారని తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఇన్‌కన్వీనియన్స్ కాజ్డ్ ఈజ్ డీప్లీ రిగ్రెటెడ్. ఎవరు కలిగించారు? ఎవరు చింతిస్తున్నారు? అసౌకర్యం అనే నౌనే సబ్జెక్ట్ కుర్చీలో కూర్చుంది. ఇక ఎవరి కాలర్ పట్టుకుంటారు?

మీరూ ఇలాగే రాయండి. ఉత్తరం పోస్టు చేయడం మరిచిపోయారా? మరిచిపోయాను అని రాస్తే మెమో చేతికొస్తుంది. "నాన్-డిస్పాచ్ ఆఫ్ ద లెటర్ ఈజ్ రిగ్రెటెడ్" అని రాయండి. పై నుంచి వచ్చిన ఉత్తరం చదవకుండా డ్రాయర్‌లో పడేశారా? "నాన్-రిసీప్ట్" అనండి. ఫైలు పోగొట్టారా? "నాన్-అవైలబిలిటీ ఆఫ్ ద ఫైల్". నాన్ అనే రెండక్షరాలు ముందు తగిలిస్తే చేయని పని కూడా ఒక నౌన్ అయి గౌరవంగా ఫైల్లో కూర్చుంటుంది.

ఒక జాగ్రత్త. ఈ పద్ధతి అలవాటైతే మీరు చేసిన మంచి పనిలో కూడా మీ పేరు కనపడదు. "కంప్లీషన్ ఆఫ్ ద వర్క్" అని మీరే రాసి పంపుతారు, పక్క సీటు ఆయనకు ప్రమోషన్ వస్తుంది. బాధపడకండి. ప్రమోషన్ వస్తే ట్రాన్స్‌ఫర్ వస్తుంది, ట్రాన్స్‌ఫర్ వస్తే సామాను సర్దుకోవాలి.

9. ఇంటర్వ్యూ

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒకేచోట వాడే అవకాశం ఇంటర్వ్యూ. మీ గురించి చెప్పండి అంటారు. ఐ యామ్ అనకుండా "మైసెల్ఫ్" అని మొదలుపెట్టి పేరు చెప్పండి. "మై ఫాదర్ ఫార్మర్, మై మదర్ హౌస్‌వైఫ్, వన్ ఆఫ్ మై బ్రదర్ డాక్టర్" అని ఒక్క ఈజ్ కూడా ఖర్చు పెట్టకుండా ఇంటిల్లిపాదినీ దాటించండి. ఎంత అనుభవం ఉందంటే "మెనీ ఎక్స్‌పీరియన్సెస్" అనండి. ఎక్స్‌పీరియన్స్‌ను లెక్కపెట్టలేనిదిగా వాడితే ఏళ్ళ పని అనుభవం, లెక్కపెట్టి ఎస్ చేరిస్తే జీవితంలో జరిగిన సంఘటనలు. వాళ్ళు ఏం సంఘటనలని అడుగుతారు. లారీ కథ చెప్పండి, నేనేమీ అనుకోను.

మా ఇంటర్వ్యూ నలభై నిమిషాలు పట్టిందని గొప్పలు చెప్పుకునేవాళ్ళున్నారు. వాళ్ళందరికీ ఉద్యోగాలొచ్చాయి, ఒక్కరికీ ఆదివారం మధ్యాహ్నం నిద్ర లేదు. ఈ తొమ్మిది చిట్కాలూ పాటించినవాళ్ళను నాలుగు నిమిషాల్లో థాంక్యూ చెప్పి పంపించేస్తారు. కాబట్టి హైదరాబాదు వెళ్ళేటప్పుడే తిరుగు టికెట్ తీసుకోండి. రాత్రి బండికి వద్దు, మధ్యాహ్నం బండికే తీసుకోండి.